అద్దం మీది కాగితం

బెంగాల్లోని లిలువా స్టేషనులో దిగి రైల్వే వర్క్‌షాపు గోడ పట్టుకుని నడిస్తే, ఆ గోడ అయిపోయే చోట అప్పలసూరి సెలూన్ ఉంటుంది. రెండు కుర్చీలు, ఒక పొడుగాటి అద్దం, వచ్చినవాళ్లు కూర్చోడానికి ఒక చెక్కబల్ల. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో వచ్చి, వర్క్‌షాపులో పనిచేసే మనవాళ్ల గడ్డాలు గీస్తూ గీస్తూ తన తల కూడా అక్కడే నెరిపించుకున్నాడు. నలభై ఏళ్లు దాటింది.

అతని గురించి ఒక సంగతి ముందే చెప్పెయ్యాలి. దాచిపెట్టి చెబితే ఈ తప్పంతా ఎవరి నెత్తిమీదో రుద్దినట్టవుతుంది. అప్పలసూరికి బెంగాలీ చదవడం రాదు. మాట్లాడటంలో మాత్రం ఎదురు లేదు. కొత్తగా వచ్చిన బెంగాలీ బాబులు అతని మాట విని, "దాదా, మీది ఏ జిల్లా?" అని అడిగేవాళ్లు. ఆంధ్రా అంటే నమ్మేవాళ్లు కాదు. ఆ పొగడ్త అతని తలకెక్కింది. కొట్లో రోజూ బెంగాలీ పేపరు వేయించేవాడు. గిరాకీ లేనప్పుడు కళ్లజోడు పెట్టుకుని, పేపరు విప్పి, మొదటి పేజీ నుంచి ఆఖరు పేజీ దాకా తీరిగ్గా తిప్పి, మధ్యలో ఒకసారి "ఛీ" అని తల విదిలించేవాడు. దేనికి ఛీ అన్నాడో దేవుడికే తెలియాలి. ఎవరైనా ఏం రాశాడని అడిగితే, "ఏముంది, అందరూ దొంగలే" అనేవాడు. ఏ రోజు వార్తలకైనా ఆ జవాబు సరిపోయేది.

భార్య పుష్పరాణికి తెలుసు. ఖరగ్‌పూర్‌లో కాపురం ఉన్న కూతురు రోజాకు తెలుసు. మూడో మనిషికి తెలియదని అతని ధీమా.

అతను కొట్లో చెయ్యని పని ఒకటుంది. లిలువాలో ఏ తెలుగింట పెద్దవాళ్లు పోయినా, పదో రోజు గంగ ఒడ్డుకు అప్పలసూరే వెళ్లాలి. కత్తి, పటిక, చిన్న అద్దం సంచీలో పెట్టుకుని తెల్లారేసరికి ఘాట్ మెట్ల మీద ఉండేవాడు. కొడుకుల తలలు గీసేవాడు. తల్లో తండ్రో పోతే తప్ప మీసం తీయని ఇళ్లవి. అందుకని మీసం మీద కత్తి పెట్టేముందు ఒక్క క్షణం ఆగి, "కానీమంటావా నాన్నా" అని అడిగేవాడు. అంతవరకూ బిగబట్టుకున్నవాడు కూడా ఆ మాటకు బావురుమనేవాడు. ఏడవనిచ్చి, ముఖం కడిగించి, అప్పుడు గీసేవాడు. వాళ్ల నాన్న అలా చేసేవాడు, ఇతనూ అలాగే చేశాడు. ఆ క్షవరం మాత్రం కొట్లో కుర్చీలో ఎవరికీ చెయ్యలేదు. చావు జుట్టు నీటి ఒడ్డున రాలాలి గానీ పదిమంది కూర్చునే చోట రాలకూడదని అతని పట్టుదల.

ఇక వెంకటరత్నం. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. అప్పలసూరి కొట్టు తెరిచిన రోజున ఆ కుర్చీలో మొట్టమొదట కూర్చున్నది అతనే. అప్పటికి అప్పలసూరి కుర్రాడు, చెయ్యి వణికి చెంప కోశాడు. వెంకటరత్నం నెత్తురు తుడుచుకుని, "రెండోది కూడా గియ్యి, మానేస్తే ఎలాగ?" అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ అన్నదమ్ములే. ప్రతి ఆదివారం పొద్దున్నే అతను రావలసిందే, రెండో కుర్చీ అతనికి వదలవలసిందే. గడ్డం అయ్యాక అక్కడే కూర్చుని పేపరు పైకి చదవడం అతని అలవాటు. కొడుకు ధనుంజయ్‌కి పుట్టువెంట్రుకలు తీసింది కూడా అప్పలసూరే. పిల్లాడు ఏడ్చి ఏడ్చి అతని చొక్కా తడిపేశాడు.

"ఒరే సూరీ, నీ సెయ్యి వణక్కముందే నాను ఎల్లిపోతాన్రా" అని వెంకటరత్నం తరచూ అనేవాడు. "మావోడి గుండు నువ్వే గియ్యాల. ఆడి తల మీద సొట్టలు నీకే తెల్సు."

"నీకంటే ముందు నానే పోతానేమో అన్నా."

"పోతే పో. ముందు ఈ గెడ్డం పూర్తి సెయ్యి."

ఇలాంటి మాటలు మాట్లాడుకుంటూనే వాళ్లు ముసలివాళ్లయ్యారు.

రెండువేల ఇరవై మార్చిలో లాక్‌డౌన్ వచ్చి షట్టరు దించేశాడు. అన్ని కొట్లకంటే ముందు మూయించిందీ, అన్నిటికంటే వెనక తెరవనిచ్చిందీ సెలూన్లనే. మనిషి ముఖంలో ముఖం పెట్టి చేసే పని కదా మరి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బియ్యానికి పుష్పరాణి లైన్లో నిలబడేది. అప్పలసూరి ఇంట్లో కత్తులు తీసి నూనె రాసి, మళ్లీ లోపల పెట్టేవాడు. ఆ నెలల్లో అతనికి పట్టుకున్న దిగులు తిండి గురించి కాదు. కొట్టు మళ్లీ తెరవనివ్వరేమోనని. ఆ కొట్టు లేకపోతే తను ఎవరో తనకే తెలియదు.

జూన్‌లో అనుమతి వచ్చింది. వార్డు ఆఫీసువాళ్లు ఆ చుట్టుపక్కల సెలూన్ల వాళ్లందరినీ బడి వరండాలో దూరదూరంగా కూర్చోబెట్టారు. గుమాస్తా ఒక కాగితం పట్టుకుని నియమాలన్నీ బెంగాలీలో పైకి చదివాడు. ఒకసారికి ఒక కుర్చీయే వాడాలి. మనిషికో కొత్త బ్లేడు. మెడచుట్టూ కట్టే గుడ్డ మనిషి మనిషికీ మార్చాలి. వచ్చినవాళ్ల పేరూ ఫోను నంబరూ రాసిపెట్టాలి. ఎవరి ఇంటికీ, ఏ ఘాట్‌కీ వెళ్లి క్షవరం చెయ్యకూడదు. మాట తప్పితే కొట్టుకు సీలు వేస్తారు. ఆ తర్వాత తలకో సంచీ ఇచ్చారు. అందులో శానిటైజరు సీసా, నాలుగు మాస్కులు, ముఖానికి అడ్డం పెట్టుకునే ప్లాస్టిక్ తెర ఉన్నాయి. ఆ కాగితం నకలు కూడా తలొకటి ఇచ్చి గోడకు అంటించమన్నారు.

అప్పలసూరి ఒక్కసారి వింటే చాలు, మరిచిపోడు. చదవలేనివాడికి ఆ జ్ఞాపకమే ఆస్తి. కాగితాన్ని అద్దం మీద పైమూల అంటించి, అందులోని మాటలు వరసగా వచ్చినవాళ్లందరికీ అప్పజెప్పేవాడు. చూసేవాళ్లు అతను చదువుతున్నాడనే అనుకున్నారు. గుమ్మం ముందు సుద్దతో గుండ్రాలు గీశాడు. పేర్లు రాయడానికి పుస్తకం పెట్టి, "కళ్లు సరిగా కనబడటం లేదు, మీరే రాసుకోండి" అని పెన్ను చేతికిచ్చేవాడు. రెండోవారంలో రైల్వే గేటు అవతల ఒక సెలూన్‌కి సీలు పడింది. ఆ సెలూనతను ఎవరింటికో వెళ్లి జుట్టు కత్తిరించాడట. అప్పలసూరి వెళ్లి ఆ షట్టరు మీద ఎర్రటి లక్క ముద్ర చూసి వచ్చాడు. ఆ పూట అన్నం సహించలేదు.

జూన్ ఆఖరులో వార్డు ఆఫీసు మనిషి సైకిలు మీద వచ్చి ఇంకో కాగితం ఇచ్చాడు. "దాదా, పాతది తీసేసి ఇది పెట్టండి, చదువుకోండి" అని, దిగకుండానే పక్క కొట్టుకు వెళ్లిపోయాడు. అదే సైజు, అదే ముద్ర, పైన అదే బొమ్మ. తారీఖు మార్చి మళ్లీ ఇచ్చారు కాబోలనుకున్నాడు. బల్ల మీద ఇద్దరు బెంగాలీ బాబులు కూర్చుని ఉన్నారు. వాళ్లను అడగొచ్చు. నలభై ఏళ్లు వాళ్ల ముందు పేపరు తిప్పినవాడు ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు? కళ్లజోడు పెట్టుకుని, కాగితాన్ని కాసేపు చూసి, "ఊఁ, బాగానే ఉంది" అన్నాడు. పాతదాని మీదే జిగురు రాసి అంటించేశాడు. అప్పటికి నియమాలు అందరికీ అలవాటై, తలెత్తి చదివినవాళ్లు లేరు. బెంగాలీ చదవడం వచ్చిన రోజా ఉంటే ఇంటికి తీసుకెళ్లి చదివించుకునేవాడు. రైళ్లు లేవు, అతని దగ్గరున్నది ఫోటోలు తీసే ఫోను కాదు.

కొట్టు తెరిచినా, పెద్దవాళ్లు బయటికి వెళ్లకూడదని ఇంట్లోవాళ్లు ఆపడంతో వెంకటరత్నం ఒక్క ఆదివారమూ రాలేదు. జులైలో అతనికి జ్వరం వచ్చింది. కరోనా అని ఆసుపత్రికి తీసుకెళ్లారు. పన్నెండు రోజులు అక్కడే ఉన్నాడు, ఎవరినీ చూడనివ్వలేదు. పదమూడో రోజు పొద్దున ఫోను వచ్చింది. శవాన్ని ఇంటికి ఇవ్వలేదు. దూరం నుంచి ఒక నిమిషం ముఖం చూపించారట, ఆ ముఖం మీద రెండు వారాల గడ్డం ఉందట. గడ్డం పెరిగిన వెంకటరత్నాన్ని అప్పలసూరి ఒక్కనాడూ చూడలేదు.

ఎనిమిదో రోజున ధనుంజయ్ కొట్టు ముందుకు వచ్చాడు. ముప్పై అయిదేళ్లవాడు, అదే వర్క్‌షాపులో పని, తండ్రిలాగే గుబురు మీసం. ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించారు, ఎవరికీ ఏమీ లేదు, ఇల్లు కదలకూడదన్న గడువు కూడా ముందురోజే అయిపోయింది. అయినా లోపలికి రాలేదు. బయట సుద్ద గుండ్రంలో నిలబడ్డాడు.

"సిన్నాన్నా, బుధవారం పదో రోజు. ఘాట్‌కి ఐదుగురే రావాలన్నారు. అమ్మ, నాను, పంతులు, మా మేనమావ. ఐదో మనిషివి నువ్వు."

అప్పలసూరి అద్దం మీది కాగితం వైపు చూశాడు. వెళ్లడం ఎంతసేపు, ఎవరో ఒకరు చూడటం ఎంతసేపు? సీలు పడితే ఈ వయసులో మళ్లీ తెరిపించుకునే ఓపిక తనకు లేదు.

"ఎల్లకూడదంట్రా నాన్నా. రూలు సూడు, అక్కడ రాసినారు. ఘాట్‌కెల్తే సీలేసేత్తారు."

ధనుంజయ్‌కి బెంగాలీ చదవడం వచ్చు, బెంగాలీ బడిలోనే చదివాడు. కానీ అతను నిలబడిన చోటి నుంచి అక్షరాలు కనబడవు. కనబడినా చదివేవాడు కాదు. చిన్నాన్న చెప్పాక ఇంక చదివేదేముంది? "పోనీ నానే కొట్లోకొస్తాను సిన్నాన్నా. షట్టరు సగం దించి గీసెయ్యి. నాన్న కోరిక" అన్నాడు.

"కుర్చీలోనా? సావు గుండు కుర్చీలో గియ్యరు నాన్నా. నా బతుకులో సెయ్యనేదు."

"అయితే ఏటి సెయ్యమంతావు?"

ఇటు రూలు ఒప్పదు, అటు ఆచారం ఒప్పదు, రెండింటి మధ్యా ఆ పిల్లాడు ఎండలో నిలబడ్డాడు. "సర్లే సిన్నాన్నా" అని అతను వెనక్కి తిరిగాడు. అప్పలసూరి ఒకసారి పిలుద్దామనుకున్నాడు. పిలవలేదు.

ఇంటికి వెళ్లి చెబితే పుష్పరాణి గరిటె పక్కన పెట్టేసింది. "రత్నమన్న కంటే ఎక్కువైపోనాదా నీకా కొట్టు?"

"కొట్టు మూసేత్తే తినడానికేటున్నాది?"

"ఇన్నాళ్లూ మూసే ఉన్నాది కదా, సచ్చిపోనామేటి?"

బుధవారం పొద్దున అప్పలసూరి కొట్టు తెరిచాడు. మొదటి గిరాకీ వచ్చేదాకా రెండో కుర్చీ తుడుస్తూనే ఉన్నాడు. ఆ పూట ఘాట్‌లో ఏం జరిగిందో పుష్పరాణి ద్వారా తెలిసింది. కరోనాతో పోయిన మనిషనేసరికి చావు క్షవరానికి ఏ మంగలీ దొరకలేదు. మేనమామకు చెయ్యి ఆడలేదు. చివరికి ధనుంజయ్ మెట్ల మీద కూర్చుని తన గుండు తనే గీసుకున్నాడు. ఎదురుగా అద్దం పట్టుకున్నది తల్లి దుర్గాంబ. మొగుడు పోయిన పదో రోజున, తన కన్నీళ్లకే దిక్కు లేని మనిషి, కొడుకు ముఖానికి అద్దం పట్టుకుని కూర్చుంది. చెవి వెనక రెండుచోట్ల తెగిందట. మీసం దగ్గరకొచ్చి ఆగిపోయి చాలాసేపు కత్తి అలాగే పట్టుకున్నాడట. గియ్యమని చెప్పడానికి తల్లికి నోరు రాలేదట.

అప్పలసూరి ఆ సంగతి విని గోడవైపు తిరిగి పడుకున్నాడు. రూలు అంటే రూలే, నేనేం చెయ్యగలనని తనకు తను చెప్పుకున్నాడు. నిజానికి ఆ ఒక్క మాట పట్టుకునే నెలరోజులు నెట్టుకొచ్చాడు.

ఆగస్టు ఆఖరులో బిమల్ మాష్టారు జుట్టు కత్తిరించుకోడానికి వచ్చారు. పక్క బడిలో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దాయన. మెడకు గుడ్డ కట్టించుకుని కూర్చుని, ఎదురుగా అద్దం మీద కాగితం ఉంటే ఊరికే ఉండలేక పైకి చదవడం మొదలుపెట్టారు. మాష్టార్లకు అదో జబ్బు. అప్పలసూరి కత్తెర ఆడిస్తూనే వింటున్నాడు. ఒక కుర్చీకి బదులు రెండు కుర్చీలు వాడవచ్చు, మధ్యలో తెర ఉండాలి. ఇది కొత్తగా ఉందే అనుకున్నాడు. ఆ తర్వాతది విని కత్తెర ఆగిపోయింది. చావు కర్మలకు సంబంధించిన క్షవరానికి మాస్కు, చేతి తొడుగులు వేసుకుని ఘాట్‌కు వెళ్లవచ్చు, ముందుగా వార్డు ఆఫీసులో చెబితే చాలు.

"ఇది మంచి పని చేశారు దాదా" అన్నారు మాష్టారు బెంగాలీలో. "పాపం, చచ్చినవాళ్లకు ఆ మాత్రమైనా జరగాలి కదా. మీకు తెలిసే ఉంటుంది."

"జాని, జాని" అన్నాడు అప్పలసూరి. తెలుసు, తెలుసు అని. ఆ క్షణంలో కూడా అతని నోటికి వచ్చిన మాట అదే. అంత సిగ్గుమాలిన మాట తను జన్మలో అనలేదని అతనికి అప్పుడే తెలిసింది. తారీఖు ఎంతని మెల్లిగా అడిగాడు. జూన్ ఇరవై ఆరని మాష్టారు చెప్పారు. వెంకటరత్నం పోయిన నాటికి ఆ కాగితం నెలరోజులుగా ఆ అద్దం మీదే ఉంది. దాని కిందే నిలబడి అతను ఆ పిల్లాణ్ని పొమ్మన్నాడు.

మాష్టారి తల ఎలా పూర్తి చేశాడో అతనికి గుర్తు లేదు. ఆయన వెళ్లాక షట్టరు సగం దించి, బ్లేడు తీసుకుని కాగితాన్ని గీకాడు. పాతదీ కొత్తదీ కలిసి పీలికలు పీలికలుగా ఊడి వచ్చాయి. వాటిని పోగు చేసి, చేతులు కడుక్కుని, సరాసరి వెంకటరత్నం ఇంటికి నడిచాడు.

దుర్గాంబ వరండాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. చూసి, పలకరించి, పీట వాల్చింది. అతను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పేశాడు. కాగితం మారిన సంగతి, తనకు చదవడం రాని సంగతి, అడగడానికి సిగ్గుపడిన సంగతి.

"ఎల్లొచ్చని రాసుండగానే నానెల్లనేదు వదినా. నా కొట్లోనే ఉన్నాది ఆ కాగితం. నాకు సదవడం రాదు. నలభై ఏళ్లు నాటకమాడినాను."

దుర్గాంబ చేట పక్కన పెట్టింది. ఆవిడ తిడుతుందని చూశాడు. తిడితే బాగుండేది.

"నీకు సదవడం రాదని మీ అన్నకి తెల్సు సూరీ" అంది.

అతను తలెత్తి చూశాడు.

"ఎప్పుడో తెల్సు. ఒకసారి పేపరు తలకిందులుగా పట్టుకున్నావంట. మరందుకే ఆదివారం ఆదివారం నీ కొట్లో కూకొని పైకి సదివేవోడు. ఇంట్లో ఎప్పుడైనా పైకి సదివినాడేటి ఆయన? పెదవి కూడా కదిపేవోడు కాదు. సూరికి నాలుగు ముక్కలు సెవినేసొచ్చినానే అనేవోడు. నీకు తెలియనియ్యొద్దని నాకాడ ఒట్టేయించుకున్నాడు." ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. "ఆయనుంటే ఆ కాగితం కూడా సదివేవోడు."

అప్పలసూరి పీట మీద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. పదో రోజున ఏడవవలసిన ఏడుపు అది. ఎంతమంది కొడుకులను గంగ ఒడ్డున ఏడవనిచ్చాడో గానీ, అతన్ని ఏడవనిచ్చింది ఆ విధవరాలే.

కొంచెం తేరుకుని, "ధనుంజయ్ రానీ వదినా, ఆడికీ సెప్పేసి పోతాను. కాళ్లట్టుకుంటాను" అన్నాడు.

"వద్దు" అంది దుర్గాంబ. "ఆడికి సెప్పకు. రూలొప్పక రాలేదు సిన్నాన్న అనుకుంటన్నాడు. అలాగనుకునే ఆ రోజు కత్తి పట్టుకున్నాడు, అలాగనుకునే నిద్రోతన్నాడు. రావడానికి వీలుండీ రానేదంటే ఆడు తట్టుకోనేడు. నీ బరువు దించుకోడానికి ఆడి నెత్తిన పెట్టకు సూరీ. నువ్వే మొయ్యి."

అంతలో గేటు చప్పుడైంది. ధనుంజయ్ డ్యూటీ నుంచి వచ్చాడు. తల మీద వేలెడు జుట్టు కూడా లేదు, మీసం ఇంకా పలచగా మొలుస్తోంది. చెవి వెనక గాటు మాని తెల్లగా కనబడుతోంది. అప్పలసూరి ముఖం తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"ఏటి సిన్నాన్నా, ఇలాగొచ్చినావు?"

"ఊరికే నాన్నా. మీ అమ్మని సూసి పోదామని."

ధనుంజయ్ అతని ఎర్రబడ్డ కళ్లు చూశాడు. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంకా ఆ రోజు గురించే బాధపడతన్నావా? నీ తప్పేటున్నాది సిన్నాన్నా. రూలు అలాగుంటే నువ్వు మాత్రం ఏటి సేత్తావు?"

దుర్గాంబ చేట ఒళ్లోకి తీసుకుని మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. అప్పలసూరి ఆవిడ వైపు చూడలేదు.

"అవును నాన్నా" అన్నాడు. "రూలు అలాగున్నాది."